కాలువ దాటిన చిట్టెలుకలు

నేను కావలిలో ఒక డిగ్రీ కాలేజీలో జువాలజీ చెప్పేవాణ్ణి. రిటైర్మెంటుకు ఇంకా ఆరేళ్లుందనగా, ఒక జూన్ నెల మొదటి వారంలో, విడవలూరు మండలం సముద్రపొడ్డున చిట్టెలుకల మీద మూడేళ్ల పరిశోధన ప్రాజెక్టు నా చేతికొచ్చింది. కాగితాల్లో నా హోదా ప్రధాన పరిశోధకుడు. అంటే అనుమతులకూ, సామానుకూ, జరగబోయే తప్పులకూ సంతకం పెట్టే మనిషని అర్థం. నా కింద స్రవంతి అనే పరిశోధక విద్యార్థిని. మనుబోలు దగ్గర వరి పండించే ఇంటి పిల్ల. ఆమె పీహెచ్‌డీ అంతా ఈ చిట్టెలుకల మీదే ఆధారపడి ఉంది. యూనివర్సిటీలో ఆమెకు అసలు గైడు వేరే ఉన్నారు, నేను కో-గైడును. ఫెలోషిప్పు ప్రాజెక్టుతోపాటే అయిపోతుంది. ఆ లోపల థీసిస్ ఇవ్వకపోతే ఇంట్లోవాళ్లు ఇంక చాలు రమ్మంటారని మొదటి రోజే చెప్పింది.

స్టాఫ్ రూములో నన్ను ఆట పట్టించనివాళ్లు లేరు. కొండను తవ్వి ఎలుకను పట్టినవాళ్ల గురించి విన్నాం గానీ, ఎలుక కోసమే తవ్వేవాణ్ణి నిన్నే చూస్తున్నామన్నాడు మా ఫిజిక్స్ ఆయన. నవ్వితే నవ్వారు. పాతికేళ్లు పుస్తకంలో చూసి చెప్పిన పాఠాన్ని కళ్లారా చూసే అవకాశం వచ్చినప్పుడు ఎవరైనా పరిగెత్తుతారు. నేనూ పరిగెత్తాను.

పాఠం ఏమిటంటే ప్రకృతి వరణం. ఆ తీరంలో సముద్రం, దాని వెనక ఇసక దిబ్బలు, సరుగుడు తోటలు, తరువాత ఉత్తర దక్షిణాలుగా పారే పాత పడవల కాలువ, కాలువకు పడమట నల్లరేగడి వరి మళ్లు. చిట్టెలుక రెండు వైపులా ఉంది. బొటనవేలంత ప్రాణి. మడి గట్ల మీద దొరికేవాటి వీపు ముదురు గోధుమ రంగు, ఇసకలో దొరికేవి వెలిసిన గోనె సంచి రంగు. తెల్లని ఇసక మీద ముదురు ఎలుక గుడ్లగూబకు తొందరగా కనబడుతుంది, తొందరగా పోతుంది. లేత రంగుది ఇంకొన్నాళ్లు బతికి పిల్లల్ని పెడుతుంది. తరాలు గడిచేసరికి ఇసక వైపు లేతవే మిగులుతాయి. వినడానికి తేలిక. నిజంగా జరుగుతోందని చూపించాలంటే మాత్రం ఏ ఎలుక ఎన్నాళ్లు బతికిందో తెలియాలి. దానికి ఒకే దారి. పట్టాలి, గుర్తు పెట్టాలి, పట్టిన చోటే వదలాలి, మళ్లీ పట్టాలి.

సాయంత్రం వెలుతురుండగానే మడత బోన్లు పది అడుగులకొకటి చొప్పున వరసగా పెట్టేవాళ్లం. ఎరకు వేరుశనగ పప్పు దంచి ఉండలు చేసేవాళ్లం. తెల్లవారగానే వెళ్లి, పడ్డ ఎలుకను గుడ్డసంచిలోకి దులిపి, స్ప్రింగు త్రాసుకు తగిలించి బరువు చూసి, లేత నుంచి ముదురు దాకా మెట్లుమెట్లుగా రంగులేసిన అట్ట పక్కన పెట్టి వీపు రంగు రాసుకుని, చెవికి నంబరున్న చిన్న తగరపు ముక్క తగిలించేవాళ్లం. ఎండెక్కితే రేకు బోనులో ఎలుక చచ్చిపోతుంది. కాబట్టి పొద్దున పూట ఈ పనిలో నడక ఉండదు, అంతా పరుగే.

మళ్ల వైపు రెండు వరసలు. మొదటి వరస సుబ్బరామయ్య అనే రైతు గట్ల మీద. రెండోది కాలువ గట్టు పోరంబోకులో. ఇసక వైపు మూడో వరస. మడి పని కాగానే నేనూ స్రవంతీ మోటార్ సైకిల్ మీద రోడ్డు వంతెన చుట్టూ తిరిగి ఇసక వైపు చేరేవాళ్లం. దగ్గర్లో మనుషులు నడిచే చెక్క వంతెన ఒకటుంది గానీ దాని మీద బండి పోదు.

మాకు పనిలో సాయానికి పోలమ్మ కుదిరింది. అవతలి ఒడ్డున పట్టపుపాలెంలో ఉంటుంది, నలభై ఐదేళ్లుంటాయి. మొగుడు, మరుదులు సముద్రంలో చేపల వేటకు పోతారు, ఈమె నెత్తళ్లనే చిన్న చేపలు ఎండబెట్టి అమ్ముతుంది. వచ్చిన రెండో రోజే మా ఎరను వాసన చూసి, ఇది ఎలకలకా, పెళ్లివారికా అని అడిగింది. మర్నాడు ఎండ్రొయ్యల పొడి తెచ్చి కలిపింది. ఆ రోజు నుంచి బోన్లు నిండడం మొదలైంది. నన్ను అయ్యోరా అనేది. మా వైపు బడిలో చదువు చెప్పేవాణ్ణి అట్లే పిలుస్తారు. మేము బండెక్కే తొందరలో ఉంటే, మీరు పోండయ్యోరా, వీటిని నేను వదిలేసొస్తా అని సంచులు అందుకునేది. ప్రతి సంచికీ బోను నంబరు చీటీ కట్టి ఉండేది. ఆమె దోనెలో కాలువ దాటి మాకంటే ముందే ఇసక వరస దగ్గర నిలబడి ఉండేది. నేను బండి దిగుతూ, వదిలినావా అని అడిగేవాణ్ణి. వదిలినానయ్యోరా అనేది. నియమం ప్రకారం వదలాల్సింది పరిశోధకుడే. నేను ఆ పని ఆమెకు అప్పగించాను.

రెండో నెలలో అద్భుతం జరిగింది. ఇసక వైపు బోనులో, చెవికి మా నంబరున్న ముదురు ఎలుక ఒకటి పడింది. నంబరు చూస్తే సుబ్బరామయ్య గట్టు మీద గుర్తు పెట్టినది. అంటే ఎలుక కాలువ దాటింది! వారం తిరక్కుండా ఇంకొకటి, తరువాత మరికొన్ని. మొదటి వరసలో గుర్తు పెట్టినవి తిరిగి ఆ మళ్లలో దొరకడం లేదు, ఇసకలో దొరుకుతున్నాయి. దొరికినవి కూడా కొన్నాళ్లకు మాయమైపోతున్నాయి. మడి నుంచి ఇసకకు వలస, ఇసకలో ముదురు రంగుకు చావు. పాఠ్యపుస్తకంలో బొమ్మ వేసుకోదగ్గ సంగతి. ఆ వారమంతా నేను నేల మీద నడవలేదు.

ఎలా దాటుతున్నాయన్న ప్రశ్న వచ్చింది. చెక్క వంతెన ఉంది కదా అన్నాను. స్రవంతి ఊరుకోదు, రుజువు కావాలంది. వంతెన పలకల మీద సాయంత్రం ముగ్గుపిండి చల్లి, పొద్దున అడుగులు చూశాం. కుక్కవి ఉన్నాయి, ఎండ్రకాయవి ఉన్నాయి, సైకిలు చక్రం గీత ఉంది. ఎలుకది ఒక్కటీ లేదు. గాలికి చెదిరిపోయి ఉంటాయన్నాను. కుక్క అడుగులు చెదరలేదే అని ఆ పిల్ల అనలేదు, అన్నా నేను వినిపించుకునేవాణ్ణి కాదు. తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు అన్నట్టు ఉంది అప్పటి నా వ్యవహారం.

ఏడాదికోసారి జరిగే సమీక్షా సంఘం ముందు స్రవంతి ఈ ఫలితాన్ని చూపించింది. సంఘం అంటే గైడు, డిపార్టుమెంటు పెద్ద, బయటి నుంచి ఒక నిపుణుడు. థీసిస్ ముందుకు పోవాలా వద్దా అన్నది తేల్చేది వాళ్లే. నిపుణుడు రెండుసార్లు తల ఊపాడు. థీసిస్‌కు ఇదే ముఖ్యమైన అధ్యాయం చేసుకోమన్నాడు. బయటికొచ్చాక ఆ పిల్ల ఇంటికి ఫోను చేసి వాళ్ల నాయనతో మాట్లాడుతుంటే నేను కాస్త దూరంగా నిలబడి, నా పుణ్యమే కదా అని సంతోషపడ్డాను. దాచుకోవడం ఎందుకు, బాగా సంతోషపడ్డాను.

రెండో ఏడు కార్తీకంలో వాయుగుండం పట్టింది. మూడు రోజుల వానకు కాలువ ఒడ్లు ఒరుసుకుని పారింది, చెక్క వంతెన కొట్టుకుపోయింది. నీళ్లు తగ్గాక మళ్లీ బోన్లు పెట్టాం. పెట్టిన మూడో రోజు, వంతెన లేని కాలువకు అవతల, ముందు రోజే మడిలో గుర్తు పెట్టిన ఎలుక ఇసకలో దొరికింది.

నేను ఇప్పుడైనా ఆగాలి కదా. ఆగలేదు. విడవలూరులో మేము అద్దెకు తీసుకున్న గదిలో ప్లాస్టిక్ తొట్టి నిండా నీళ్లు పోసి ఒక చిట్టెలుకను వదిలాను. అది ఒక చుట్టు ఈది, నా చెయ్యెక్కి కూర్చుంది. చూశావా, ఈదుతాయి అన్నాను. స్రవంతి నోట్‌బుక్కు మూసి, చాలా మర్యాదగా అడిగింది. పారే నీళ్లలో ఈదితే దిగువకు కొట్టుకుపోయి ఎక్కడెక్కడో ఒడ్డెక్కాలి కదా సార్, మరి అన్నీ పోలమ్మక్క చేపలారబెట్టే కళ్లం మూలనే ఎందుకు దొరుకుతున్నాయి? నాకు కోపమొచ్చింది. డేటా వచ్చాక ప్రశ్నలు తగ్గించుకోవాలన్నాను. ఒక గురువు నోట రాకూడని మాట అది.

మర్నాడు పని అయ్యాక పోలమ్మ కళ్లంలో నెత్తళ్లు తిరగేస్తోంది. స్రవంతి ప్రశ్న నన్ను కుట్టిన చీమలా ఉంది. పుట్టినప్పటి నుంచి ఈ ఒడ్డున ఉన్న మనిషి కదా అని, పోలమ్మా, ఎలకలు కాలవ ఈదతాయా అని అడిగాను.

ఆమె చీపురు ఆపలేదు. "ఈదేదెందుకయ్యోరా? నేను దోనెలో తీసకొస్తా ఉండానే!" అంది.

పక్కనే ఉన్న స్రవంతి తిరగేసిన పడవ మీద కూలబడింది. పోలమ్మకు మా ఇద్దరి మొహాలూ చూసి ఏదో పొరపాటు జరిగిందని అప్పుడు తెలిసింది. చీపురు కింద పెట్టి, మొదటి నుంచీ చెప్పింది.

పని మొదలైన రెండో రోజే సుబ్బరామయ్య గట్టు మీద ఆమెను నిలేశాడట. ఎలకల్ని పట్టుకుంటాం అంటే, పీడ విరగడయిందని సరేనన్నాడట. "పట్టి, తూకం చూసి, చెవికి కమ్మ పెట్టి, మళ్లీ నా మడిలోకే తోలతారా? అల్లుడికి జేసినట్టు మర్యాద జేస్తా ఉండారే! ఒక్క ఎలకని ఈడ వదిలినా మీ బోన్లన్నీ కాలవలో పారేస్తా" అన్నాడట. అయ్యోరు పని ఆగిపోతుంది, పాప చదువు ఆగిపోతుంది అనుకుంది పోలమ్మ. పాము చావకుండా, కర్ర విరక్కుండా దారి చూసింది. మొదటి వరస సంచుల్ని చేపల గంపలో పెట్టుకుని దోనెక్కింది.

"చంపొద్దని మీరు చెప్పినారు, చంపలా. మడిలో వదలొద్దని ఆయన చెప్పినాడు, వదల్లా. ఇద్దరి మాటా నిలబెట్టినా. నేను జేసిన తప్పేంది?"

మరి నాకు చెప్పలేదేం అన్నాను. "మీరెప్పుడడిగినారు? వదిలినావా అంటిరి, వదిలినా అంటిని. యాడ వదిలినావని అడిగితే చెప్పకపోదునా?"

కోపం ఆమె మీద రాబోయి, దారి మధ్యలో తిరిగి నా మీదికే వచ్చింది. సుబ్బరామయ్య దగ్గర సంతకం తీసుకున్నది నేనే. పరిశోధన కోసం ఎలుకలు పట్టడానికి అభ్యంతరం లేదు అని రాయించుకున్నాను. తిరిగి వదులుతామన్న ముక్క అందులో లేదు. పంట తినే ఎలుకను పట్టి మళ్లీ పంటలోకి వదలడం అన్నది ఒక రైతుకు ఎలా వినబడుతుందో ఆలోచించలేదు. ఆ మనిషి కోప్పడకపోతేనే వింత.

ఆ సాయంత్రం నాకు పాడు బుద్ధి పుట్టింది. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను కాబట్టి అదీ రాయాలి. సంఘం ఫలితాన్ని ఒప్పుకుంది. నిజం తెలిసినవాళ్లం ముగ్గురం. గడువులో సగం అయిపోయింది. వలస అన్న మాటను కదిలించకుండా వదిలేస్తే స్రవంతి థీసిస్ వేసవికి పూర్తవుతుంది. అంత సూటిగా అనలేదు గానీ, అధ్యాయం అలాగే ఉంచితే ఎలా ఉంటుందో ఆలోచించు అన్నాను.

ఆ పిల్ల నోట్‌బుక్కు పక్కన పెట్టింది. కళ్లు తుడుచుకుంది. తరువాత అంది: "మా నాయన పట్టిన ఎలకను గట్టు మీద వదిలి రమ్మంటే ఆయనేం చేస్తాడో నాకు తెలుసు సార్. సుబ్బరామయ్యన్నను నేను మొదటి రోజే అడగాల్సింది. రైతు బిడ్డనై ఉండీ నాకు తట్టలేదు. ఇప్పుడు అబద్ధం కూడా రాస్తే ఇంక నేను చదివిందెందుకు?"

నాకు సిగ్గేసింది. ఆ సిగ్గుతోనే గుండె తేలికైంది కూడా.

మర్నాడు పొద్దున స్రవంతి నోట్‌బుక్కు తీసుకుని పోలమ్మ ఎదురుగా కూర్చుంది. మొదటి వరసవి అన్నీ తెచ్చావా, కొన్నేనా? అన్నీ. రెండో వరసవి? అది పోరంబోకు, ఆడెవరూ అడగలా, ఆడివి ఆడనే వదిలినా. ఇసకలో ఎక్కడ? పోలమ్మ లేచి చూపించింది. కళ్లం మూలన, రావణ మీసాలు అనే ముళ్ల గడ్డి దుబ్బుల కింద, ప్రతి రోజూ అదే చోట. ఎండకు మాడతాయని నీడ చూసి వదిలిందట. ఎప్పుడు? గుర్తు పెట్టిన పొద్దుటే, మేము బండి మీద వచ్చేలోపల. మరిచిపోయిన రోజు ఒక్కటైనా ఉందా? చేపలారబెట్టేది ఒక్క రోజు మరిస్తే పురుగు పడుతుంది పాపా, నాకు మరుపెట్లా వస్తుంది అంది. నా శిష్యులెవరూ అంత కచ్చితంగా పని చేయలేదు.

స్రవంతి రాసుకుంటూ రాసుకుంటూ ఆగిపోయింది. నా వైపు చూసింది. నాకూ అప్పుడే వెలిగింది. వలస కాకపోవచ్చు గానీ, ఒక నేలలో పుట్టిన జంతువును ఇంకో నేలకు మార్చి, అది ఎన్నాళ్లు బతుకుతుందో చూడడం మా విద్యలో పెద్ద పరీక్ష. అడిగితే ఏ సంఘమూ తొందరగా అనుమతి ఇవ్వదు. పోలమ్మ చేపల గంపలో పెట్టుకుని ఆ పరీక్షను రోజూ చేస్తూ వచ్చింది. తేదీ మాకు తెలుసు, చోటు తెలుసు, ఒక్కొక్కదాని వీపు రంగు అట్ట పక్కన పెట్టి రాసుకున్నదీ ఉంది.

ఇక్కడ ఒక మెలిక చెప్పాలి. కొత్త చోట వదిలిన ఎలుక రంగు వల్లే చచ్చిపోయిందని అనడానికి లేదు. దానికి బొరియ లేదు, దారి తెలియదు, ఏ రంగుదైనా చావు తొందరగా రావచ్చు. ఇసకలో పుట్టినవాటితో పోల్చితే మోసం. అందుకని స్రవంతి మోసుకొచ్చినవాటిని మోసుకొచ్చినవాటితోనే పోల్చింది. మడి ఎలుకల్లో కూడా అన్నీ ఒకే ముదురు కావు. అన్నీ ఒకే గంపలో, ఒకే గడ్డి కిందికి వచ్చినవే. వాటిలో లేత రంగువి ఎక్కువసార్లు తిరిగి దొరికాయి. ముదురువి తక్కువసార్లు దొరికాయి. లెక్కకు అవి చాలినన్ని కావు కాబట్టి నిరూపించాం అని రాయలేదు, సూచిస్తోంది అని రాసింది. నేను ఒక విశేషణం ఎక్కించబోతే కొట్టేసింది.

సంఘానికి ఉత్తరం రాశాం. ముందు చెప్పిన ఫలితం తప్పు, కారణం ఇది, బాధ్యత నాది అని. అనుమతి లేకుండా జంతువుల్ని వేరే చోట వదిలినందుకు నాకు మెమో వచ్చింది, సంజాయిషీ ఇచ్చుకున్నాను. డిపార్టుమెంటు పెద్ద ఫోనులో, ఇన్నేళ్ల సర్వీసు చేసి ఎలుకల్ని ఎవరు మోసుకుపోతున్నారో చూసుకోలేదా అని కడిగేశాడు. చూసుకోలేదండీ అన్నాను. అధ్యాయం మళ్లీ రాయడానికి స్రవంతికి గడువు పొడిగించారు. వాళ్ల నాయనకు నేనే ఫోను చేసి సంగతి చెప్పాను. ఆయన మొత్తం విని, ఎలకని మడిలో వదలమన్నారా సార్ అని నవ్వాడు. ఎంతసేపు నవ్వాడో నాకే గుర్తు లేదు. తరువాత, చదువుకోనీండి అన్నాడు.

సుబ్బరామయ్య దగ్గరికి కూడా పోయాను. ఈసారి అంతా చెప్పాను. పట్టేది, వదిలేది, ఎందుకు వదలాల్సి వస్తుందో. ఆయన గడ్డం గోక్కుంటూ విన్నాడు. గుర్తు పెట్టినవాటికంటే పెట్టనివి చేలో ఎన్నో రెట్లు ఉంటాయని, మీ నాలుగు ఎలకల వల్ల నాకొచ్చే నష్టం ఏమీ లేదని ఆయనే తేల్చాడు. ముందే చెప్పి ఉంటే సరిపోయేది కదా సార్ అన్నాడు. చివర్లో ఒక్క షరతు పెట్టాడు. "వదిలేటప్పుడు ఆ కొసన వదలండి. ఆ గట్టు మా తమ్ముడిది." ఆ షరతు ఒప్పుకోలేకపోయాను. పట్టిన చోటే వదలాలని మళ్లీ మొదటి నుంచి చెప్పాను. నవ్వి సరేనన్నాడు. మిగిలిన సీజను ఆయన గట్ల మీద ఎలుకల్ని నా చేత్తో నేనే వదిలాను. ఆ తరువాత మడిలో గుర్తు పెట్టిన ఎలుక ఒక్కటీ ఇసకలో దొరకలేదు. చిట్టెలుక ఆ కాలువ దాటదు.

వైవా రోజున, అంటే థీసిస్ మీద జరిగే చివరి మౌఖిక పరీక్ష రోజున, బయటి పరీక్షకుడు ఆ అధ్యాయం దగ్గర పేజీ మడిచి పెట్టుకుని వచ్చాడు. గదిలో నేను వెనక వరసలో కూర్చున్నాను. తలుపు పక్కన పోలమ్మ ఉంది, స్రవంతి పట్టుబట్టి పిలిపించింది. ఆయన అడిగాడు: జంతువుల్ని మీరు స్వయంగా వదల్లేదని మీరే రాశారు, మరి ఫలానా చోటే వదిలారని మీకెలా తెలుసు?

"వదిలినామెను అడిగాను సార్" అంది స్రవంతి. "మీరూ అడగొచ్చు, ఇక్కడే ఉన్నారు."

ఆయన అడిగాడు. పోలమ్మ లేచి నిలబడి, గంప నుంచి గడ్డి దుబ్బు దాకా అంతా చెప్పింది. మధ్యలో రెండుసార్లు ఆయన ప్రశ్నను సరిదిద్దింది. ఆయన రాసుకున్నాడు. స్రవంతికి డాక్టరేటు వచ్చింది.

నేను నేర్చుకున్నది ఇది. క్షేత్ర పరిశోధనలో జంతువుకూ నోట్‌బుక్కుకూ మధ్య ఎప్పుడూ ఒక మనిషి ఉంటాడు, ఆ నేల మీద బతికే మనిషి ఇంకొకడు ఉంటాడు. పద్ధతి వాళ్లిద్దరికీ అర్థమయ్యేలా చెప్పకపోతే వాళ్లు తమకు తోచిన పద్ధతి పెట్టుకుంటారు, అది మన పద్ధతి కంటే నిక్కచ్చిగా నడుస్తుంది. జంతువు ఎందుకు కదిలిందని సిద్ధాంతం కట్టే ముందు, దాన్ని ఎవరు కదిలించారో అడగాలి. నేను ఆ ఒక్క ప్రశ్న అడగడానికి ఏడాదిన్నర పట్టింది.